గ్రాముకి పద్నాలుగు వందలు

మొట్టమొదటిసారి కలిసినప్పుడు ఆమె నన్ను అడిగింది లద్దె.

"వేడిగా ఉన్నది కావాలి" అంది. "పొద్దుటిది వద్దు."

అందమైన అమ్మాయి ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే లేదనలేని బలహీనత నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ ఇప్పటిదాకా ఎవరూ గుర్రపు లద్దె అడగలేదు. నేను స్వారీ క్లబ్బు మేనేజర్ని. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. క్లబ్బులో పద్నాలుగు గుర్రాలున్నాయి. వాటికి పద్నాలుగు కుటుంబాలు యజమానులు. గుర్రాలతో నాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

"మీరెవరండీ?"

"గుర్రాల డాక్టర్ని. ఇవాళే చేరాను. మీ ప్రెసిడెంటు గారు చెప్పలేదా?"

"చెప్పారు. కొంచెం పెద్దవాళ్ళు వస్తారనుకున్నాను."

"రోజుకొక రోజు చొప్పున పెద్దదాన్నవుతూనే ఉన్నాను. ఈలోపు ఈ కవర్లు పట్టుకోండి."

పద్నాలుగు ప్లాస్టిక్ కవర్లు, ఒక పెన్ను నా చేతిలో పెట్టింది. ఒక్కో గుర్రానిది ఒక్కో కవర్లో వేయాలి. పైన దాని పేరు రాయాలి. లోపల గాలి లేకుండా మూతి బిగించాలి. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాలి.

"ఫ్రిజ్‌లోనా?"

"బయట పెడితే గుడ్లు పిల్లలవుతాయి. లెక్క తప్పుతుంది."

"ఏ గుడ్లు?"

"నులిపురుగుల గుడ్లు. ఏ గుర్రం పొట్టలో ఎన్ని ఉన్నాయో తెలియకుండా మందు ఎలా ఇస్తారు?"

ఎలా ఇస్తామో నేను చెప్పాను. రెండు నెలలకోసారి, ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదింటికి గుర్రాలన్నిటినీ వరసగా నిలబెడతాం. ప్రెసిడెంటు గారు స్వయంగా మందుల బీరువా తాళం తీస్తారు. సిరంజిలో తెల్ల పేస్టు ఎక్కించి ఒక్కోదాని నోట్లో నొక్కుతారు. అన్నిటికీ అదే మందు, అంతే మందు. తర్వాత ఫోటో దిగుతారు. పదిహేనేళ్ళుగా ఒక్క తేదీ తప్పలేదు. ఆయన దీన్ని క్రమశిక్షణ అంటారు.

ఆమె అంతా విని, "పురుగులు కూడా ఆ రోజు స్నానం చేసి తయారుగా ఉంటాయేమో" అంది.

అక్కడే నా పని అయిపోయింది. కానీ ఆ సంగతి నాకు ఇంకో నాలుగు రోజులకు గానీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమంతా గుర్రాల వెనక కవరు పట్టుకుని తిరగడంలో ప్రేమ గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. మెరుపు అనే గుర్రం నన్ను గంటన్నర నిలబెట్టింది. నేను టీ తాగడానికి వెళ్ళగానే పని కానిచ్చింది.

* * *

నాలుగో రోజు ఆమె మైక్రోస్కోపు ముందు నుంచి లేచి నాకు ఒక కాగితం ఇచ్చింది. పద్నాలుగు పేర్లు, ఎదురుగా పద్నాలుగు అంకెలు.

"ఇది అందరికీ తెలిసేలా చూడండి" అని చెప్పి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

నా చేతికి కాగితం ఇస్తే బోర్డుకి ఎక్కించడం తప్ప ఇంకోటి తెలియదు. ఆమె రాసింది గజిబిజిగా ఉందని తెల్ల కాగితం మీద నీటుగా మళ్ళీ రాశాను. పెద్ద అంకె పైన, చిన్న అంకె కింద. పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశాను. వేయమని ఎవరూ చెప్పలేదు. చెయ్యి ఊరుకోలేదు, అంతే.

సాయంత్రానికి క్లబ్బంతా బోర్డు దగ్గరే ఉంది.

పద్నాలుగు వందలతో బుజ్జి మొదటి స్థానంలో ఉంది. బుజ్జి అంటే బ్యాంకు మేడమ్ గుర్రం, క్లబ్బులో అన్నిటికంటే భారీ శాల్తీ. మేడమ్ పెద్ద డబ్బా నిండా చాక్లెట్లు తెప్పించి అందరికీ పంచింది.

"మేం స్పెషల్‌గా ఏమీ చేయలేదండీ" అంది వినయంగా. "దానికి పుట్టుకతోనే ఉంది."

పన్నెండు వందల యాభైతో మా అమ్మ గుర్రం రాణి రెండోది. మా అమ్మ నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. నా చదువు మొత్తంలో నేను ఆమెకు అలాంటి రోజు చూపించలేదు. పదకొండు వందలతో ప్రెసిడెంటు గారి సుల్తాను మూడోది. తొమ్మిది వందల యాభైతో లెక్కల మాస్టారి మెరుపు నాలుగోది.

"నాలుగా?" అన్నారు మాస్టారు. "దిద్దింది ఎవరు?"

మిగతా పదీ నూట యాభై లోపే. అన్నిటికంటే కింద, సున్నా వచ్చిన గుర్రం యజమాని నన్ను పక్కకు పిలిచి, రీకౌంటింగ్‌కి ఏమైనా అవకాశం ఉందా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే డాక్టరు వచ్చింది. బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది.

"ఇది రాసిందెవరు?"

"నేనే" అన్నాను. "నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు."

"దస్తూరి బాగానే ఉంది." గుంపు వైపు తిరిగింది. "ఇవి ఒక్క గ్రాము లద్దెలో ఉన్న నులిపురుగుల గుడ్లు. పైన ఉన్న నాలుగు గుర్రాల వల్లే మైదానమంతా పురుగులు పడుతున్నాయి."

చాక్లెట్లు నమిలే నోళ్ళు పద్నాలుగు చోట్ల ఆగాయి. సున్నా గుర్రం యజమాని మెల్లగా జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

కాగితం నేనే చింపేశాను. కానీ ర్యాంకులు ఒకసారి జనం నోట్లో పడ్డాక చింపితే పోవు. మర్నాటికి మా పిన్ని ఫోన్ చేసింది. "మీ రాణికి సెకండొచ్చిందట కదక్కా" అంది. మా అమ్మ "రాంగ్ నంబర్" అని పెట్టేసింది.

* * *

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు గారు ఏదో పెద్ద ఆఫీసులో రిటైరయ్యారు. అది ఏ ఆఫీసో ఎవరికీ తెలియదు గానీ, ఇంట్లో కూడా ఫైలు కదలాలంటే ఆయన సంతకం కావాలి.

"పదిహేనేళ్ళు మందు ఇచ్చాను. అయినా పురుగులున్నాయంటే మీ మైక్రోస్కోపులో ఏదో ఉంది" అన్నారు.

"ఇచ్చారు కాబట్టే ఉన్నాయి" అంది డాక్టరు. "ప్రతిసారీ బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. మళ్ళీ అదే మందు. పదిహేనేళ్ళలో మీరు ఏరి కోరి మంచి జాతి పురుగుల్ని తయారుచేశారు."

"మరిప్పుడేమంటారు?"

"ఆ నాలుగింటికీ మీ పేస్టే ఇద్దాం. బరువు చూసి, సరైన మోతాదులో. పద్నాలుగు రోజులయ్యాక మళ్ళీ గుడ్లు లెక్కపెడతాను. మందు పనిచేస్తే లెక్క పూర్తిగా పడిపోవాలి. పడకపోతే ఆ మందు చచ్చిపోయినట్టు."

"మరి మిగతా పదింటికి?"

"ఏమీ వద్దు. వాటికి అవసరం లేదు."

ఇక్కడ గొడవ మొదలైంది. మా దానికి లేదా అని ఒకరు, మేమేం తక్కువ అని ఇంకొకరు. పక్కవాళ్ళ గుర్రానికి మందు ఇచ్చి మా గుర్రాన్ని ఊరికే వదిలేస్తే నలుగురిలో మా ముఖం ఏం కాను అని మూడోవారు. ఒక పెద్దాయన, పోనీ మా దానికి కొంచెం వాసన చూపించండి, తృప్తిగా ఉంటుంది అన్నాడు.

ప్రెసిడెంటు గారు బల్ల మీద కొట్టారు.

"సరే. పద్నాలుగు రోజులు. గుడ్లు తగ్గకపోతే బీరువా తాళం మీకిస్తాను. తగ్గితే మాత్రం మీరు పెట్టె సర్దుకోవాలి. పాత పద్ధతే కొనసాగుతుంది."

"సరే" అంది.

బయటికొచ్చాక అడిగాను, అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారని.

"ఇంతకు ముందు రెండు చోట్ల ఇదే మాట చెప్పాను. టెస్టు పెట్టకుండానే పంపించేశారు. ఇక్కడ టెస్టు దాకా వచ్చింది. అదే గొప్ప. ఇక్కడ కూడా కుదరకపోతే ఇంక గుర్రాలు వదిలేసి కుక్కలకి క్షవరం చేసే దుకాణం పెట్టుకుంటాను."

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. ఆ రోజే నాకు నా సంగతి తెలిసింది.

* * *

మర్నాడు టేపు తెచ్చింది. గుర్రం ఛాతీ చుట్టూ చుడితే దాని బరువెంతో చెప్పే టేపు. నాలుగు గుర్రాలకూ చుట్టి, మోతాదు రాసి, పేస్టు తనే పట్టించింది. బుజ్జి ఐదు వందల అరవై కిలోలు తూగింది.

"నాలుగు వందల యాభై" అంది బ్యాంకు మేడమ్.

"టేపు ఐదు వందల అరవై అంటోంది మేడమ్."

"టేపు బిగించి పట్టుకోవాలి. మా దర్జీ అలాగే పడతాడు."

అప్పటినుంచి నాకు ఒక కొత్త డ్యూటీ పడింది. వారానికి రెండుసార్లు మేత మైదానంలో లద్దె ఎత్తాలి. గుడ్లు లద్దెతో బయటికొస్తాయి, అక్కడ పిల్లలవుతాయి, గడ్డి ఎక్కుతాయి, మళ్ళీ గుర్రం నోట్లోకి పోతాయి. మధ్యలో మనిషి పార పట్టుకుని అడ్డం పడితే సగం మందు ఇచ్చినట్టే. ఇదంతా ఆమె చెప్పింది. ఆ మనిషి నేనే అని కూడా ఆమే చెప్పింది.

"దీనికి పనివాళ్ళున్నారు కదండీ" అన్నాను.

"ఉన్నారు. వాళ్ళతో పాటు మీరు కూడా ఉంటే వాళ్ళు ఎగ్గొట్టరు."

"నా చొక్కా?"

"చొక్కా మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు."

ఆమె కూడా పార పట్టింది. నేను తోపుడు బండి తోశాను. చాలామంది ప్రేమికులు పార్కుల్లో నడుస్తారు, హోటళ్ళలో ఎదురెదురుగా కూర్చుంటారు. మేం పక్కపక్కనే వంగి లద్దె ఎత్తాం. మధ్యమధ్యలో ఇద్దరి పారలూ ఒకే కుప్ప దగ్గరకు వెళ్ళేవి. "మీరు కానివ్వండి" అనేది ఆమె, "అబ్బే మీరే" అనేవాణ్ణి నేను. అంత మర్యాద ఆ పదార్థానికి ఎప్పుడూ జరిగి ఉండదు.

పేస్టు ఇచ్చిన ఆరో రోజు వాన పట్టుకుంది. పరుగెత్తి గడ్డి షెడ్డు చూరు కింద నిలబడ్డాం. ఆమె నుదుటి మీద జుట్టు తడిసి అంటుకుంది. చినుకుల వైపు చూస్తూ ఉంది. నేను ఆమె వైపు చూస్తున్నాను.

"ఎంత బాగుందో కదా" అన్నాను.

"చాలా" అంది. "ఇలాంటి తడి దొరికితే పురుగు పిల్లలు గడ్డి కొస దాకా ఈదుకుంటూ పోతాయి. ఈ పక్షం రోజులూ వాటికి పండగే."

"మీకు ఎప్పుడూ వాటి గురించేనా?"

"మీకు వేరే ఏమైనా ఉందా చెప్పడానికి?"

ఉంది. నోటిదాకా వచ్చింది. అంతలో రాణి షెడ్డులోకి తల దూర్చి నా చెవి పక్కన పెద్దగా తుమ్మింది. మొహం తుడుచుకునేసరికి వాన వెలిసిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఆమె ఒక మాట చెప్పింది. "ఊళ్ళో మందుల షాపులో ఒక కొత్త జెల్ అమ్ముతున్నారు. చాలా బలమైనది. మన చేతిలో సరిగా పనిచేసేది అదొక్కటే మిగిలిందనుకుంటున్నాను. దాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు వాడితే పురుగులు దానికీ అలవాటు పడతాయి. ఈ పద్నాలుగు రోజుల్లో మాత్రం ఎవరూ దాన్ని ముట్టకూడదు. ముడితే నా టెస్టు పోయినట్టే. ఇది మీ బాధ్యత."

"నా ప్రాణం అడ్డం వేస్తాను" అన్నాను.

"ప్రాణం వద్దు. కాస్త కళ్ళు తెరిచి ఉంచండి."

* * *

ఇంటికెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద జెల్ ట్యూబు ఉంది.

దాని పక్కన మా అమ్మ ఉంది.

"అమ్మా, ఇది ఎక్కడిది?"

"షాపులోది. ఇవాళ మెట్ల మీద కింది ఫ్లాటావిడ కనపడింది. నన్ను చూసి పిల్లని వెనక్కి లాక్కుంది. మన ఇంట్లో పురుగులంట."

"గుర్రంలో అమ్మా. మన ఇంట్లో కాదు."

"జనానికి అంత వివరం ఎందుకు? పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ లెక్క వేస్తారట కదా. మళ్ళీ సెకండొస్తే నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. బ్యాంకావిడది తగ్గి మనది తగ్గకపోతే?"

"ఇది ఇస్తే డాక్టరుగారి టెస్టు పాడవుతుంది."

"ఒక్క గుర్రం వల్ల ఏమీ కాదు. మిగతా మూడు ఉన్నాయి కదా." తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది పనిచేయకపోయేసరికి లేచి చెప్పులు వేసుకుంది. "నువ్వు ఇవ్వనంటే నేనే వెళ్ళి ఇస్తాను."

మా అమ్మ మొత్తం జీవితంలో రాణి దగ్గరకు వెళ్ళింది ఫోటోల కోసమే. అది తన్నితే ఎటు వైపు పడుతుందో కూడా ఆమెకు తెలియదు.

నేను ఇచ్చాను.

ఒక్క గుర్రమే కదా అనుకున్నాను. వాన వల్ల ఆగిన పని పూర్తిచేద్దామని మర్నాడు మైదానంలో ఆమె నవ్వుతూ పార నా చేతికిచ్చింది. "ఏమిటి, ఇవాళ నా మొహం చూడట్లేదు?" అంది. ఎండ కళ్ళలో పడుతోందన్నాను. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

* * *

పద్నాలుగో రోజు మళ్ళీ కవర్లు, మళ్ళీ ఫ్రిజ్. ఈసారి ఆమె ల్యాబు గది తలుపు వేసుకుంది. సాయంత్రం తీసింది. మొహం పాలిపోయి ఉంది.

"నాలుగూ సున్నా" అంది. "రెండుసార్లు చూశాను. ఒక్క గుడ్డు లేదు."

"నాలుగూనా?"

రాణి ఒక్కటే సున్నా కావాలి కదా. మిగతా మూడూ ఎలా సున్నా అయ్యాయి? అంటే పేస్టు నిజంగానే పనిచేసిందా? అలాగైతే నేను చేసిన వెధవపనికి ఏ నష్టమూ లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఒక నిమిషం పాటు దాని మీదే కూర్చున్నాను.

ఆమె మైక్రోస్కోపుకి గుడ్డ కప్పుతోంది. జాగ్రత్తగా, చంటిపిల్లకి దుప్పటి కప్పినట్టు.

"నేనే పొరబడ్డానేమో" అంది. "ఇన్నాళ్ళూ అందరికీ తప్పే చెప్పానేమో."

ఆ మాటతో నా హాయి పోయింది.

"డాక్టర్ గారూ, మీకొక విషయం చెప్పాలి."

"ఇప్పుడొద్దు మేనేజర్ గారూ."

"ముఖ్యమైనది."

"తెలుసు. పది రోజులుగా మీరు చెప్పలేక మింగుతున్నారు. నేనేమీ గుడ్డిదాన్ని కాను. కానీ ఇవాళ నేను వినే స్థితిలో లేను. రేపు మీటింగయ్యాక, బస్సు ఎక్కే ముందు వింటాను."

"అది కాదండీ, ఇది వేరే."

"అలాగే అంటారు అందరూ" అని నన్ను సున్నితంగా బయటకి పంపించి తలుపేసింది.

మనిషి తప్పు ఒప్పుకోవడానికి వెళ్తే, ఎదుటివాళ్ళు దాన్ని ప్రేమ అనుకుని పోనీలే అని ఓదార్చడం కంటే అవమానం ఇంకోటి లేదు.

* * *

మర్నాడు మీటింగుకి అందరూ వచ్చారు. నాలుగు గుర్రాల యజమానులూ మొదటి వరసలో కూర్చున్నారు. ప్రెసిడెంటు గారి భార్య టీ కప్పులు అందిస్తోంది. డాక్టరు పెట్టె తలుపు పక్కనే ఉంది.

ప్రెసిడెంటు గారు కాగితం దూరంగా పట్టుకుని చదివారు. "సున్నా. సున్నా. సున్నా. సున్నా." ప్రతి సున్నాకీ ఒకసారి కళ్ళద్దాల పైనుంచి చూశారు. "నా పేస్టు బతికే ఉంది. డాక్టరుగారి కృషిని అభినందిస్తూ, వారికి వీడ్కోలు..."

నేను లేచాను. మా అమ్మ వెంటనే నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. అది ఇస్త్రీ చొక్కా. అయినా కూర్చోలేదు.

"రాణి లెక్క చెల్లదు సార్. దానికి కొత్త జెల్ కూడా ఇచ్చాను. ఆరో రోజున."

హాల్లో కప్పులు సాసర్లకు తగిలే చప్పుడు ఆగిపోయింది.

"నేనే ఇమ్మన్నాను" అంది మా అమ్మ కూర్చునే. "వాడికి అంత తెలివెక్కడిది."

డాక్టరు నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. సంచిలోంచి నోటుబుక్కు తీసి, "ఆరో రోజు. పొద్దునా, సాయంత్రమా?" అంది.

"సాయంత్రం."

"ఎంత?"

"మొత్తం ట్యూబు."

రాసుకుంది. అంతే. బళ్ళో ప్రిన్సిపాల్ ముందు కూడా నాకు అంత చలి పుట్టలేదు.

"ఒక గుర్రం పోయింది. మిగతా మూడూ సున్నాయే కదా" అన్నారు ప్రెసిడెంటు గారు. "తీర్పు మారదు."

బ్యాంకు మేడమ్ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది.

"మా బుజ్జికి సగమే ఇచ్చాను" అంది.

"ఏది మేడమ్?" అంది డాక్టరు.

"అదే. ఆ జెల్."

"సగమే ఎందుకు?"

"దానికి అంత బరువు లేదు కదా."

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నేను ఇచ్చానని ఎవరైనా నిరూపించగలరా?"

"నిన్ను ఎవరడిగారయ్యా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"అడుగుతారు కదా. అందుకని ముందే." మాస్టారు నేల వైపు చూస్తూ అన్నారు. "రెండుసార్లు ఇచ్చాను. ఒకసారికి సున్నా రాకపోతే మళ్ళీ నాలుగో ర్యాంకే వస్తుందేమోనని."

"రెండుసార్లా?" డాక్టరు గొంతు మొదటిసారి పైకి లేచింది. "అది చాలా ఘాటైన మందు మాస్టారూ. మెరుపు బతికి ఉండటం మీ అదృష్టం. ఇంకెప్పుడూ అలా చేయకండి. ఈ మీటింగవగానే దాన్ని చూడాలి."

మాస్టారు బుద్ధిగా తలూపారు. ఎన్నేళ్ళ తర్వాతో, ఆయన పాఠం చెప్పే వైపు కాకుండా వినే వైపున కూర్చున్నారు.

ఇప్పుడు హాల్లో ఉన్న కళ్ళన్నీ ఒకే వైపు తిరిగాయి. ప్రెసిడెంటు గారు కాగితం దగ్గరకు తెచ్చుకుని, సున్నాల్లో ఏదో తప్పు దొరుకుతుందేమోనని చూస్తున్నారు.

"చెప్పండి" అంది ఆయన భార్య, టీ ట్రే పట్టుకునే.

"ఏం చెప్పమంటావు?"

"ట్యూబు సంగతి. ఫ్రిజ్‌లో కూరగాయల అర కింద దాచారు. నేను ఇంకోటనుకుని కీళ్ళ నొప్పికి మోకాలికి రాసుకున్నాను."

"అది ఇంట్లో విషయం."

"సుల్తాను నోట్లో పెట్టాక ఇంట్లో విషయం ఎలా అవుతుంది?"

ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. పెద్ద ఆఫీసులో పనిచేసిన మనిషి కదా, నిలబడటం బాగా తెలుసు.

"పేస్టు మీద నమ్మకం లేక కాదు" అన్నారు. "గుర్రం మీద ప్రేమ ఎక్కువై."

ముందు నవ్వింది డాక్టరే. ఆపుకుందామని నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం ఊరుకోలేదు. తర్వాత మొత్తం హాలు నవ్వింది. సున్నా గుర్రం యజమాని కంటి నీళ్ళు తుడుచుకుంటూ, మొదటి నుంచీ నిజాయితీగా సున్నా తెచ్చుకున్నది మాదొక్కటే అని పక్కవాళ్ళకు చెప్పుకున్నాడు.

"ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నారు ప్రెసిడెంటు గారు, కూర్చుని, చాలా చిన్న గొంతుతో.

"మళ్ళీ మొదటి నుంచి" అంది డాక్టరు. "కానీ ఇప్పుడే కుదరదు. జెల్ ప్రభావం పోయి ఈ నాలుగింటిలో మళ్ళీ గుడ్లు కనపడాలంటే మూడు నెలలు పడుతుంది. అప్పుడు మీ పేస్టు ఇచ్చి చూద్దాం. ఈలోగా ఎవరూ ఏదీ ఇవ్వకూడదు. మైదానం శుభ్రంగా ఉంచాలి. నెలకోసారి నేను లెక్క చూస్తాను."

"అంటే మూడు నెలలు మీరు..."

"ఉండాలి మరి. ఇంత కష్టపడి నా టెస్టు చెడగొట్టారు. మధ్యలో వదిలేసి ఎలా వెళ్తాను?"

"మరి బీరువా తాళం?" అన్నారెవరో వెనక నుంచి.

ప్రెసిడెంటు గారి చెయ్యి చొక్కా జేబు మీదకు వెళ్ళింది. కానీ ఆయన భార్య చెయ్యి అంతకంటే ముందే వెళ్ళింది. పెళ్ళయి ముప్పై ఐదేళ్ళు, ఆ జేబు ఆవిడకు కొత్త కాదు. తాళం తీసి డాక్టరు అరచేతిలో పెట్టి, "మా ఇంటి ఫ్రిజ్ కూడా అప్పుడప్పుడూ వచ్చి చూస్తూ ఉండమ్మా" అంది.

* * *

మీటింగయ్యాక ఆమె మెరుపుని చూసి, దాని కళ్ళు, చిగుళ్ళు, నడక పరీక్షించి, బాగానే ఉందని తేల్చాక మైదానం వైపు నడిచింది. నేను నాలుగడుగులు వెనక నడిచాను. మా అమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. తను చూడనట్టుగా ఎక్కడెక్కడికో చూడటంలో ఆవిడకి సాటి లేరు.

"నాకు చాలా కోపం వచ్చింది" అంది ఆమె వెనక్కి తిరగకుండానే.

"రావాలి."

"నిన్న పెట్టె సర్దుతూ నాకేమీ రాదని ఏడ్చాను. మీరు తలుపు బయట ఉన్నారు, మీకు నిజం తెలుసు."

"చెప్పబోయాను. మీరు ఇంకోటనుకున్నారు."

ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "అనుకున్నాను."

"అదీ ఉంది" అన్నాను. ఈసారి ఏ గుర్రమూ దగ్గర్లో లేదు. "మీరంటే నాకు చాలా ఇష్టం. లద్దె అడిగిన రోజు నుంచే. మా అమ్మ చెప్పులు వేసుకుంటే మాత్రం నా వెన్నెముక నిలవదు. ఆ జబ్బు ఉంది. మందు దొరికితే వాడతాను."

"ఇవాళ అందరి ముందూ లేచినప్పుడు మీ అమ్మగారు చొక్కా పట్టుకుని లాగారు."

"అవును."

"కూర్చోలేదు."

"కూర్చోలేదు."

"ఒక్కసారికే నయమైందని చెప్పలేం" అంది. "కొన్నాళ్ళు గమనించాలి."

"ఎన్నాళ్ళు?"

ఆమె కంచెకి ఆనించి ఉన్న రెండు పారలూ తీసింది. ఒకటి తను పట్టుకుని ఇంకోటి నా వైపు చాపింది. పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది.

"వాన వచ్చేలోగా ఈ మూల అయిపోవాలి" అంది. "కానివ్వు."

పార పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎప్పుడూ కానివ్వండి అనేది. ఆ 'అండి' ఎక్కడ జారిపోయిందో అర్థం కాలేదు. తొందరలో నోరు జారిందేమో. ఒక్క లెక్కతో ఏదీ తేల్చకూడదని ఆమే నేర్పింది.

"ఏం చూస్తున్నావు?" అంది.

రెండోసారి కూడా అదే వచ్చింది.